వాస్తువిద్యలో పై చదువు: దరఖాస్తు చేయు విధము



నేను ముప్పదియైదేండ్లు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. నాయొద్ద ఓనమాలు దిద్దినవారు నేడు బిడ్డలతండ్రులైరి. వారి బిడ్డలు మనమెన్నడును పేరైన వినని చదువులు చదువుచున్నారు. ఆ చదువులకు అనుమతి నొసగవలసినవారమును, సొమ్ము సమకూర్చవలసినవారమును మనమే. ఆ చదువేమో తెలియనివారమును మనమే. ఈ చిక్కునుగూర్చియే నేడు కొంచెము ముచ్చటింపదలచితిని.

గత సంవత్సరము శ్రావణమాసమున ఒక సాయంకాలము నా పూర్వశిష్యుడొకడు మా అరుగుమీదికి వచ్చి కూర్చుండెను. వ్యవసాయదారుడు, నాలుగెకరముల మాగాణి కలదు. చేతిలో ఒక కాగితముల కట్ట యుండెను. కొంతసేపు వానలనుగూర్చి మాటలాడి, పిదప అసలు సంగతి నెత్తెను.

“పంతులుగారూ! మా అమ్మాయి అయిదేండ్లు ఆర్కిటెక్చరు చదివి పట్టము పుచ్చుకొన్నది. ఇంకను రెండేండ్లు చదువుదునని పట్టుబట్టుచున్నది. ఇల్లు కట్టుట నేర్చుకొనుటకు ఏడేండ్లు కావలెనా? మన ఊరి మేస్త్రి బడిమొగము చూచినవాడు కాడు. వాడు కట్టిన ఇండ్లు నిలిచియే యున్నవిగదా! పట్నమున ఒక కన్సల్టెన్సీవారు రెండెకరములు అమ్మినచో పిల్లను అమెరికాకు పంపెదమనియు, వ్రాతకోతలన్నియు తామే చూచుకొందుమనియు చెప్పినారు. ఏమి చేయమందురు?”

తెలియని విషయమున సలహా చెప్పుట పాపమని నేనెరుగుదును. “పదిదినములు గడువిమ్ము, అమ్మాయిని ఒకసారి పంపుము” అంటిని. ఆ పిల్ల మరునాడే వచ్చెను. ఒకప్పుడు నాయొద్ద శబ్దమంజరి వల్లెవేసిన ఆ పిల్లయే ఈ విషయమున నాకు గురువైనది. ఆమెవలన విన్నదియు, పిదప నేను స్వయముగా విచారించి తెలిసికొన్నదియు మీకు మనవిచేయుచున్నాను.

మొట్టమొదట పేరునుగూర్చి ఒక మాట. వాస్తువనగానే మనకు ఈశాన్యపు మూల, వీధిపోటు, వంటయింటి దిక్కు స్ఫురించును. ‘వస’ ధాతువునకు నివసించుట అర్థము, నివాసయోగ్యమైనది వాస్తువు. నేటి విశ్వవిద్యాలయములలో నేర్పు వాస్తువిద్య దిక్కుల శాస్త్రము కాదు. నేల, నీరు, గాలి, వెలుతురు, బరువు, ఖర్చు, అందుండబోవు మనుష్యుల అవసరము, వీనినన్నిటిని లెక్కించి కట్టడమును ఊహించి గీయు విద్య. మన ప్రాచీనులును ఇట్లే యెంచిరి. మయమతమను గ్రంథమున శిల్పులు నాలుగు తెగలుగా చెప్పబడిరి: సర్వమును ఊహించి నడపువాడు స్థపతి; కొలత్రాడు పట్టువాడు సూత్రగ్రాహి; రాతిని, కొయ్యను చెక్కువాడు తక్షకుడు; కూర్చి నిలుపువాడు వర్ధకి. మన ఊరి మేస్త్రి తక్షకుడును వర్ధకియును. ఆయన విద్య తక్కువది కాదు. కాని మూడువందల మంచముల ఆసుపత్రి కట్టవలసివచ్చినప్పుడు, రోగి ఏ ద్వారమున రావలెను, శవము ఏ ద్వారమున పోవలెను, అగ్నిప్రమాదము సంభవించినచో నడువలేనివారు ఎట్లు బయటపడవలెను అని ముందుగా యోచించువాడొకడు కావలెను. అతడే స్థపతి; నేటి ఆర్కిటెక్టు.

మన దేశమున ఈ విద్యలో మొదటి పట్టమునకు అయిదేండ్లు పట్టును. దానిని బి.ఆర్క్. అందురు. 1972వ సంవత్సరపు ఆర్కిటెక్టుల చట్టము ననుసరించి, ఆ పట్టము పొంది కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చరునందు పేరు నమోదు చేయించుకొన్నవారే తమ్ము ఆర్కిటెక్టులని చెప్పుకొనుటకు అర్హులు. ఇక్కడ తండ్రులందరు గమనింపవలసిన విషయమొకటి కలదు. స్వదేశమున వృత్తి చేసికొనుటకు ఆ అయిదేండ్ల చదువు చాలును. పై పట్టమైన ఎం.ఆర్క్. విధిగా ఉండవలసినది కాదు.

అట్లయినచో అది యెవరికి? కళాశాలలో బోధింపదలచినవారికి కావలెను. ఒక ప్రత్యేకశాఖలో లోతునకు దిగదలచినవారికి కావలెను. నగరముల తీర్పును, తోటలు చెరువులు మైదానముల కూర్పును, ఎండకు వేడెక్కక విద్యుచ్ఛక్తిని తక్కువగా వాడు కట్టడములను, ప్రాచీనకట్టడముల సంరక్షణమును వేర్వేరు శాఖలుగా నేర్పుచున్నారు. పాలంపేటలోని రామప్పగుడినే తలచుకొనుడు. కాకతీయుల కాలమున 1213వ సంవత్సరమున వెలసిన ఆ ఆలయము ఇసుక నింపిన పునాదిమీద నిలిచినది. దాని శిఖరమునకు నీటిలో తేలునంత తేలికయైన ఇటుకలు వాడిరి. 2021లో ప్రపంచవారసత్వపు జాబితాకెక్కినది. అట్టి కట్టడమున ఒక రాయి కదలినచో దానిని మరల ఎట్లు కూర్పవలెనో తెలియుటకు సామాన్యమైన చదువు చాలదు. అట్టివారికే పై చదువు. ఉద్యోగము దొరకలేదు గనుక మరి రెండేండ్లు కాలక్షేపము చేయుదమని చేరువారికి అది వ్యయమే గాని విద్య కాదు. కాబట్టి పెద్దలు బిడ్డను అడుగవలసిన మొదటి ప్రశ్న “ఎక్కడ చదివెదవు?” అని కాదు, “ఎందులకు చదివెదవు?” అని.

నేనును ఆ పిల్లను అట్లే అడిగితిని. ఆమె యిట్లు చెప్పెను: “మాష్టారూ, మా తాతగారి పెంకుటింటిలో వేసవిని మధ్యాహ్నము నిద్రపట్టును. దాని ప్రక్కనే నాన్న కట్టించిన స్లాబు ఇంటిలో పంకా క్రిందనైనను నిలువలేము. రెండింటిలోను ఉష్ణమాపకములు పెట్టి మూడు వేసవులు లెక్కలు వ్రాసితిని. పాతయింటి గుణమును క్రొత్తయింటికి తెచ్చుట యెట్లో నేర్చుకొనవలెనని నా కోరిక.” ఈ సమాధానము విన్న పిదప నాకు మొదటి సంశయము తీరినది.

ఇక మార్గములు రెండు: స్వదేశము, విదేశము.

స్వదేశమున ముఖ్యద్వారము గేటు పరీక్ష. బెంగుళూరునందలి విజ్ఞానసంస్థయు, ఏడు ఐ.ఐ.టి.లును వంతులవారీగా ఏటేట దీనిని నడుపుచున్నవి. దరఖాస్తు ఆగష్టు, సెప్టెంబరు ప్రాంతమున, పరీక్ష ఫిబ్రవరిలో, ఫలితము మార్చిలో. ఆర్కిటెక్చరు, ప్లానింగులకు కలిపి ఒక ప్రశ్నపత్రము కలదు. మూడు గంటల కాలము, 65 ప్రశ్నలు, 100 మార్కులు. అందు 15 మార్కులు సామాన్యబుద్ధికి సంబంధించినవి. ఎంచి గురుతుపెట్టు ప్రశ్నలలో తప్పునకు శిక్ష కలదు: ఒక మార్కు ప్రశ్నకు మూడవవంతు, రెండు మార్కుల ప్రశ్నకు మూడింట రెండువంతులు కోసివేయుదురు. కావున తెలియనిదానిని గుడ్డిగా గురుతుపెట్టుట కంటె విడుచుటయే మేలు. ఒకసారి వచ్చిన ఫలితము మూడేండ్లవరకు చెల్లును. అనగా ఈ యేడు చేరలేకపోయినను, ఒక యేడు ఉద్యోగము చేసి, పిదప చేరవచ్చును. ఈ సంగతి తెలియక తొందరపడువారనేకులు.

ఆ ఫలితముతో ఖరగ్‌పూరు, రూర్కీ ఐ.ఐ.టి.లకును, ఢిల్లీ, భోపాలు, విజయవాడలయందలి స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చరులకును, ఇతరసంస్థలకును దరఖాస్తు చేయుదురు. విజయవాడ సంస్థ 2008లో వెలసినది. మన ముంగిటనే యున్నది. హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ పేరిట వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయము కలదు. కొన్ని సంస్థలు మార్కులతో తృప్తినొందక, పిలిచి మాటలాడి, గీసిన చిత్రములు చూచి చేర్చుకొనును. అహమ్మదాబాదునందు 1962లో బాలకృష్ణ దోషీగారు ఆరంభించిన విద్యాలయము నేడు సెప్ట్ విశ్వవిద్యాలయమను పేర ప్రసిద్ధిచెందినది. ఆ దోషీగారికే 2018లో ఈ విద్యయందలి అత్యున్నతమైన ప్రిట్జ్‌కర్ బహుమానము లభించెను. భారతీయులలో దానిని మొదట పొందినవారాయనయే. ఎం.ఆర్క్. చదువు మన దేశమున సాధారణముగా రెండేండ్లు. గేటులో అర్హులై ప్రభుత్వసంస్థలలో చేరినవారికి, నియమములకు లోబడి, నెలకు 12,400 రూపాయల భృతి యొసగు పద్ధతి కలదు. ఈ ఒక్క మాట నా శిష్యునికెవరును చెప్పియుండలేదు. చెప్పినచో పొలము అమ్మింపజాలరుగదా!

విదేశమార్గము క్రొత్తది కాదు. కొంకణతీరపు పల్లెలో జన్మించిన అచ్యుత కన్విందేగారు హార్వర్డు విశ్వవిద్యాలయమున వాల్టర్ గ్రోపియస్ శిష్యులై చదివి, తిరిగివచ్చి కాన్పూరు ఐ.ఐ.టి. భవనములకు రూపకల్పన చేసిరి. మన సికిందరాబాదులో 1930లో జన్మించిన ఛార్లెస్ కొరియాగారు మిచిగనులో మొదటి పట్టమును, 1955లో ఎం.ఐ.టి.యందు పై పట్టమును పొందిరి. ఆయన స్వదేశమునకు మరలి సబర్మతి ఆశ్రమమున గాంధీ స్మారక సంగ్రహాలయమును పెంకుల కప్పుతో, ఇటుక స్తంభములతో, ఎంత నిరాడంబరముగా నిర్మించిరో చూచినవారెరుగుదురు. దూరదేశపు చదువు ఇంటి పెంకును మరపింపనక్కరలేదని ఆ కట్టడమే సాక్ష్యము.

అమెరికాలో ఈ చదువు రెండు తెరగులని తెలియవలెను. పేరు ఒకటే, ఫలము వేరు. మొదటి తెరగు, వేరు విద్య చదివి ఈ విద్యకు క్రొత్తగా వచ్చువారికి. దానికి సుమారు మూడేండ్లు, కొన్నిచోట్ల మూడున్నరయేండ్లు పట్టును. రెండవ తెరగు, ఇదివరకే బి.ఆర్క్. వంటి వృత్తిపట్టము కలవారికి. అది ఒకటిన్నర, రెండేండ్లలో ముగియును. మన పిల్లలు కాలము, ధనము మిగులునని రెండవదానిని కోరుదురు. కాని ఆ దేశమున ఈ చదువులకు గుర్తింపు నిచ్చు మండలియొకటి కలదు. దానిని నాబ్ అందురు. మొదటి తెరగు పట్టములకే ఆ గుర్తింపు ఉండును. రెండవదానికి సాధారణముగా ఉండదు. మన దేశపు బి.ఆర్క్.నకును ఆ గుర్తింపు లేదు. ఆ దేశమున లైసెన్సు పొంది స్వయముగా వృత్తి చేయదలచినప్పుడు అనేక రాష్ట్రములు గుర్తింపుపొందిన పట్టమునే అడుగును. లేనిచో విదేశపు చదువును ప్రత్యేకముగా పరీక్షింపించుకొని, లోటున్నచో పూరించుకొనవలసివచ్చును. తిరిగివచ్చి స్వదేశమున పనిచేయదలచినవారికి ఈ భేదముతో అంత పనిలేదు. అక్కడనే స్థిరపడదలచినవారు చేరకముందే విచారింపవలెను. చేరిన పిదప విచారించినచో మిగులునది విచారమే. కొన్ని విశ్వవిద్యాలయములు మన బి.ఆర్క్. చూచి, మొదటి తెరగుననే కొంతకాలము తగ్గించి చేర్చుకొనుటయు కలదు. అడిగినవారికే అది తెలియును.

ఇక దరఖాస్తునందలి అంగములు అయిదు.

మొదటిది మార్కుల పట్టికలు. వీనిని చదివిన విశ్వవిద్యాలయమునుండి తెప్పించుకొనుటకు ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. కావున ముందుగా మొదలిడవలెను.

రెండవది ఆంగ్లభాషా పరీక్ష. టోఫెల్ అనియు, ఐఎల్ట్స్ అనియు రెండు కలవు. ఫలితము రెండేండ్లు చెల్లును. జి.ఆర్.ఇ. అను మరియొక పరీక్షను కొందరు అడుగుదురు, పెక్కుచోట్ల నేడు మానివేసిరి. అడుగనిచోటికి వ్రాసి డబ్బు పోగొట్టుకొననక్కరలేదు.

మూడవది ఉద్దేశపత్రము. తానెవరు, ఏమి చేసినది, ఏమి నేర్వగోరుచున్నది, ఆ విశ్వవిద్యాలయమే యేల అని ఒకటి రెండు పుటలలో తన మాటలతో వ్రాయవలెను. పట్నపు కన్సల్టెన్సీవారు చూపిన నమూనాను నేను చదివితిని. “చిన్ననాటినుండి నాకు కట్టడములన్న అమితమైన మక్కువ” అని మొదలిడినది. అదే వాక్యము మరి యిద్దరి పిల్లల పత్రములలోను చూచితిని. వందలకొలది పత్రములు చదువు ఆచార్యులు ఈ వాక్యమును మొదటి చూపుననే గుర్తింపరా? మన బడులలో ఒకే తప్పు పదిమంది పలకలమీద కనబడినప్పుడు, చూచి వ్రాసినారని మనమెట్లు కనిపెట్టుచుంటిమి? అంతే. ఉష్ణమాపకముల సంగతితో మొదలుపెట్టుమని నేను ఆ పిల్లకు చెప్పితిని.

నాలుగవది సిఫారసు పత్రములు. సాధారణముగా మూడు అడుగుదురు. ఇక్కడ నా తెలివితక్కువను ఒప్పుకొనవలెను. శిష్యురాలిమీది వాత్సల్యముచేత నేను ఒక రాత్రియంతయు కూర్చుండి, సకలసద్గుణసంపన్న యనియు, వినయవివేకభూషణ యనియు విశేషణములు గ్రుచ్చి రెండు పుటల పత్రము వ్రాసితిని. ఆ పిల్ల దానిని కన్నుల కద్దుకొని మెల్లగా ఇట్లనెను: “మాష్టారూ, ఇది నేను దాచుకొందును. కాని అక్కడివారు నా గీతలను చూచి దిద్దిన ఆచార్యుల మాట వినగోరుదురు. నేను ఎక్కడ తప్పితినో, ఎట్లు దిద్దుకొంటినో చెప్పగలవారు వ్రాయవలెను.” సిగ్గుపడితిని, సంతోషించితిని. ఆ పత్రములు విద్యార్థి చేతిమీదుగా పోవు. వ్రాసిన ఆచార్యుడే అంతర్జాలమున నేరుగా పంపును. దానిని చూచు హక్కును వదలుకొందువా యని విద్యార్థిని ముందుగా అడుగుదురు. వదలుకొన్నవారి పత్రమునకే విలువ హెచ్చు. ఆచార్యులకు కనీసము నెలదినముల వ్యవధి యిచ్చి వినయముతో అడుగవలెను. గడువునకు రెండుదినములముందు అడిగినచో ఎంత మంచివారైనను నాలుగు పొడిమాటలే వ్రాయుదురు.

అయిదవది అన్నిటికంటె ముఖ్యమైనది: పోర్టుఫోలియో, అనగా విద్యార్థి గీసినవానిలో ఎంచి కూర్చిన చిత్రసంపుటము. పుటల సంఖ్యకును మితి కలదు. ఒక్కొక్క విశ్వవిద్యాలయము ఒక్కొక్క మితి నేర్పరచును. మితి దాటినచో చూడరు. అయిదేండ్ల పనిలో నాలుగైదు కట్టడములను ఎంచి, పూర్తియైన అందమైన చిత్రము మాత్రమే గాక, మొదట తోచిన పిచ్చిగీతనుండి చివరి రూపమువరకు ఊహ ఎట్లు నడచినదో చూపవలెను. లెక్క తప్పినను చేసినవిధము చూచి మార్కులు వేయు ఉపాధ్యాయుని పద్ధతి యిదియే.

ఈ సంపుటము విషయమున ఒక సంకటము వచ్చినది. ఆ పిల్ల గీసినవానిలో మిక్కిలి శోభించునది తీరగ్రామమునకై ఊహించిన ఒక తుఫాను ఆశ్రయభవనము. కాని దానిని ఆరుగురు సహాధ్యాయులు కలిసి చేసిరి. మెట్లును, నీటి నిలువయు ఈమె పని, తక్కినది ఇతరులది. కన్సల్టెన్సీవారు “అయిదుగురి పేర్లు వ్రాయనక్కరలేదు, అంత దూరమున ఎవరు విచారింతురు?” అనిరట. ఆమె నన్నడిగెను. నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. ఏలయనగా, నా తొలినాళ్లలో పరీక్షాధికారి బడికి వచ్చినప్పుడు, ముత్యములవంటి దస్తూరి గల ఒక్క బాలుని పుస్తకమును చూపి, తరగతి అంతయు ఇట్లే వ్రాయుదురని నమ్మించితిని. ఆయన మెచ్చుకొని పోయెను. ఆ బాలుడు మాత్రము నావైపు చూచిన చూపును నేటికిని మరువలేకున్నాను. ఆ కథ ఆమెకు చెప్పితిని. ఆమె మరుమాటాడక ఆరుగురి పేర్లును వ్రాసి, తన పనిని వేరు రంగుతో గుర్తించెను. అబద్ధము బయటపడినచో ఇచ్చిన సీటును, పుచ్చుకొన్న పట్టమును సయితము తీసివేయగలరన్నది నిజమే. కాని ఆమె ఆ భయముచేత వ్రాయలేదు.

అమెరికాలో గడువులు పెక్కు డిసెంబరు, జనవరి మాసములలో ముగియును. చదువు మొదలగునది ఆ వచ్చు ఆగష్టు, సెప్టెంబరులలో. కావున ఒక సంవత్సరము ముందే పని ఆరంభింపవలెను. ఫలితములు మార్చి ప్రాంతమున తెలియును. ధనసహాయముతో సీటిచ్చువారు పెక్కుమంది ఏప్రిల్ 15 వరకు సమాధానమునకు గడువిత్తురు. “ఈ రాత్రిలోగా సొమ్ము కట్టనిచో సీటు పోవును” అని మధ్యవర్తి తొందరపెట్టినచో, విశ్వవిద్యాలయము వ్రాసిన ఉత్తరమును చూపుమని అడుగుడు. ప్రతి దరఖాస్తునకును రుసుము కలదు; పదిచోట్లకు పంపుటకంటె తగిన నాలుగుచోట్లకు శ్రద్ధతో పంపుట మేలు. విశ్వవిద్యాలయములు విద్యార్థులనుండి నేరుగా దరఖాస్తులు పుచ్చుకొనును. నడుమ ఎవరును అక్కరలేదు.

ఇక ధనము. సీటు వచ్చిన పిదప ఐ-20 అను పత్రమునకును, వీసాకును మొదటి సంవత్సరపు ఖర్చు చేతనున్నదని చూపవలెను. బ్యాంకులు విద్యార్థిఋణము లిచ్చును. 7.5 లక్షల రూపాయలు మించిన ఋణమునకు సాధారణముగా ఆస్తి తాకట్టు అడుగుదురు. ఇక్కడ రైతులు జాగ్రత్తపడవలెను: వ్యవసాయభూమిని ఇట్టి తాకట్టునకు బ్యాంకులు చాలవరకు అంగీకరింపవు. అప్పుడు హెచ్చువడ్డీల ప్రైవేటు ఋణమో, తొందర అమ్మకమో దాపురించును. చదువు ముగిసిన పిదప ఆ దేశమున పనిచేయుటకు సామాన్యముగా 12 నెలలు అనుమతి. కొన్ని శాఖలకు మాత్రము మరి 24 నెలలు. ఆర్కిటెక్చరు పట్టములలో కొన్ని ఆ జాబితాలో నున్నవి, కొన్ని లేవు. ఈ నియమములును మారుచుండును. పండ్రెండు నెలల జీతముతో అప్పు తీరునా యని కాగితముమీద లెక్క వేసి చూడుడు. ఆర్కిటెక్టుల తొలి జీతములు కంప్యూటరు ఉద్యోగుల జీతములవలె ఉండవు. పొరుగింటి అబ్బాయితో పోల్చి లెక్క వేయరాదు.

నా శిష్యుడును, నేనును, ఆ పిల్లయు అరుగుమీద కూర్చుండి ఈ లెక్క వేసితిమి. ఆమె గేటు వ్రాసెను. అమెరికాలో రెండుచోట్లకు స్వయముగా దరఖాస్తు పంపెను. ఒకచోట త్రోసివేసిరి. ఆ దినమున తండ్రి, “కన్సల్టెన్సీవారికి సొమ్మిచ్చియున్నచో వచ్చియుండునేమో” అని కంట నీరు పెట్టుకొనెను. నాయొద్ద సమాధానము లేకపోయెను. రెండవచోట సీటు ఇచ్చిరి గాని ధనసహాయము కొంచెమే. గేటు ఫలితముచేత స్వదేశమునందలి ఒక ప్రభుత్వసంస్థలో భృతితో సీటు వచ్చెను.

నిర్ణయము మేము చేయలేదు, ఆమెకే విడిచితిమి. రెండుదినములు ఆలోచించి ఆమె స్వదేశమునే యెంచుకొనెను. “నేను కొలిచిన ఎండ ఇక్కడిదిగదా, మాష్టారూ!” అన్నది. ఆ మాటలో కొంత విచారమును వినబడినది; దానిని దాచను. పొలము నాలుగెకరములును అట్లే యున్నవి. మొన్న సెలవులకు వచ్చినప్పుడు తాతగారి అటకయెక్కి పెంకుల నడుమ గాలి పోవు సందులను కొలుచుచుండగా చూచితిని. మన ఊరి మేస్త్రి నిచ్చెన పట్టుకొని క్రింద నిలిచి, పెంకు నేయుటలోని మెలకువలు చెప్పుచుండెను. ఆమె వ్రాసికొనుచుండెను.

పెద్దలారా! మీ యింటి బిడ్డ ఇట్టి కోరికతో వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు అడుగుడు. ఎందులకు చదివెదవు? ఆ పట్టమునకు నీవు పనిచేయదలచినచోట గుర్తింపు ఉన్నదా? ఈ పత్రములలో ఏ వాక్యము, ఏ గీత నీది? అనుకొన్న ఉద్యోగము ఒక యేడు రాకున్నచో అప్పు ఎట్లు తీరును? నాలుగింటికిని తడబడక సమాధానము చెప్పిన బిడ్డకు అడ్డురాకుడు. దూరమనియు, ఆడపిల్లయనియు వెనుకకు లాగకుడు. చెప్పలేని బిడ్డను కోపింపకుడు. ఒక యేడు గడువిచ్చి, ఏదైన కార్యాలయమున పని నేర్చి రమ్మనుడు. ఇల్లు కట్టుటకు ముందు నేలను పరీక్షించుట మన పెద్దలు మనకు నేర్పినదే.

సెలవు.